పర్రలో దిగబడ్డ వ్యాను

పోయిన నెల మా బెజవాడ భవానీపురంలో, ఏటివైపు వెళ్ళే రోడ్డు పక్కన, యాత్రలకి అద్దెకిచ్చే పెద్ద వ్యాను ఒకటి ఆగి ఉంటే, పక్కింటావిడ చూసొద్దాం రండని పట్టుబట్టి నన్ను తీసుకెళ్ళింది. లోపల పరుపులు, చిన్న ఫ్రిజ్జు, నీళ్ళ కుళాయి, కిటికీలకి తెరలు, అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. డ్రైవరు మర్యాదస్తుడు, కూర్చోండమ్మా ఏసీ వేస్తాను అంటూ తలుపు మూశాడు. ఆ తలుపు పడ్డ చప్పుడు వినగానే లేచి నిలబడ్డాను. అరవై దాటినదాన్ని, మనవలున్నదాన్ని, నలుగురూ నవ్వుతారన్న సిగ్గు కూడా లేకుండా తలుపు తియ్యి బాబూ, తలుపు తియ్యి అని అరిచాను. కిందికి దిగి, కాళ్ళకి గట్టి రోడ్డు తగిలేదాకా నాకు ఊపిరాడలేదు. పక్కింటావిడ నాకు బీపీ పెరిగిందనుకుని ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చింది. నేనూ అలాగే అనుకోనిచ్చాను. అసలు సంగతి చెప్పాలంటే యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి, అంత దూరం నాతో రావాలంటే నా ఈడువాళ్ళే రావాలి.

మా నాన్న ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పెద్దమేస్త్రీ. డెబ్భైల్లో ఆటోనగర్ అంటే ఇప్పట్లా సందు సందునా షాపులు కాదు, సగం షెడ్లు, సగం ముళ్ళకంపలు, వాన పడితే మోకాలి లోతు బురద. మేం పటమటలో ఉండేవాళ్ళం. ఎక్కడో వేలంలో ఎవరో కొని, పనికిరాదని వదిలేసిన పాత వ్యాను ఒకటి నాన్న చేతికి వచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే నాన్న ప్యాంటు మార్చుకుని ఆ వ్యాను దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఏడాదిపాటు చెక్కీ, కోసీ, బిగించీ, దాన్ని ఒక ఇల్లులా తయారుచేశాడు. రెండు పక్కలా పొడుగాటి బల్లలు, బల్లల కింద అరలు, కిరసనాయిలు స్టవ్ కదలకుండా ఒక చెక్క గూడు, వెనక నీళ్ళ డ్రమ్ము. ఆ బల్లల మీది పలకలు కావాలంటే ఊడదీసి మధ్యలో పరుచుకోవచ్చు, అప్పుడు మొత్తం ఒకే మంచం అవుతుంది. వీధిలో పిల్లలంతా అందులో ఎక్కి దిగుతూ ఉంటే మా చెల్లెలు టికెట్లు చింపేది.

ఆ వ్యానులో మా మొదటి ప్రయాణం అమ్మమ్మ కోసం. అమ్మమ్మది ఉయ్యూరు దగ్గర పల్లె. పన్నెండో ఏట నుంచి నాట్లు, కలుపులు, కోతలు, జీవితమంతా ఆ మడుల్లోనే గడిచింది. పొలాల మధ్య కాలువలో పోయే నీళ్ళు ఎక్కడికి పోతాయని చిన్నప్పుడు అడిగితే సముద్రంలోకి అని చెప్పారట. ఆ సముద్రం బస్సెక్కితే రెండు మూడు గంటల దూరంలోనే ఉన్నా, అరవై ఏళ్ళ పైబడేదాకా ఆవిడ దాన్ని చూడనేలేదు. ఎప్పటికప్పుడు ఈ కోతలైపోనీ, ఈ పిల్ల పెళ్ళైపోనీ అనుకుంటూ ఉండగా, ఒక పొద్దున చేటలో బియ్యం చెరుగుతూ చెరుగుతూ పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, మూతి ఒక పక్కకి వంగిపోయింది. అమ్మ ఆవిణ్ణి మా ఇంటికి తెచ్చుకుంది.

నిజం చెప్పుకోవాలి. అప్పటిదాకా వేసవి సెలవులంటే అమ్మమ్మ ఒళ్ళో పడుకోవడమే అనుకున్న నాకు, ఆ తర్వాత అమ్మమ్మంటే భయం పట్టుకుంది. ఆ వంగిన మూతి, చెంప మీదికి కారే చొంగ, దుప్పటి మీద ఎవరిదో వస్తువులా పడి ఉండే ఆ చెయ్యి చూడలేక మొహం తిప్పుకునేదాన్ని. మాట ముద్దముద్దగా వచ్చేది, అమ్మకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. నన్ను పిలుస్తోందని తెలిసి కూడా పెరట్లో దాక్కున్న రోజులున్నాయి. అప్పటికి నాకు పదకొండేళ్ళు.

ఈస్టరు వెళ్ళాక, మే నెలలో బయల్దేరాం. నాలుగు రోజుల ప్రయాణమని నాన్న లెక్క. ముందు దివిసీమ కొసన సముద్రం ఒడ్డున ఒక మజిలీ, అమ్మమ్మకి సముద్రం చూపించి, అక్కణ్ణుంచి బందరులో మా మేనత్త ఇంటికి. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, ఒక్కొక్క ఊరూ దాటుతున్న కొద్దీ రోడ్డు సన్నబడింది, చెట్లు పొట్టివయ్యాయి, కోడూరు దాటాక రోడ్డన్న మాటే లేదు, కరకట్ట మీద బండ్ల చాళ్ళే. నాన్న పాటలు పాడుతూ నడుపుతున్నాడు, అమ్మ నవ్వుతోంది. వ్యాను ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా నేను కిటికీ చువ్వ పట్టుకుని కళ్ళు మూసుకునేదాన్ని.

సాయంత్రానికి పల్లెపాలెం చేరాం. చేపలు పట్టే పల్లెకారుల గుడిసెలు ఇరవయ్యో ముప్ఫయ్యో, చుట్టూ తాటిచెట్లు, ఇసక మీద ఆరబోసిన చేపలు, ఆ పైన ఇక ఊరేమీ లేదు. కరెంటు లేదు. సముద్రం కనబడలేదు గానీ దాని హోరు మాత్రం వినబడుతూనే ఉంది. అది ఎటునుంచి వస్తోందో తెలియక నేను ఆ రాత్రి అమ్మ కొంగు పట్టుకునే పడుకున్నాను.

తెల్లారాక తెలిసింది, అసలు సముద్రం ఇంకా మైలు దూరం ఉందని. మధ్యలో పర్ర. గడ్డి కూడా మొలవని ఉప్పు నేల, పైన తెల్లగా పెచ్చుకట్టి, ఎండకి పగిలి, చూడటానికి సిమెంటు గచ్చులా ఉంది. అక్కడక్కడా ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల గుబురులు, సముద్రంలో కలిసే సన్నటి పాయలు. అమ్మమ్మని మోసుకెళ్ళడానికి మనుషులు లేరు, మగవాళ్ళంతా తెల్లవారకముందే వేటకి పోయారు. వ్యానునే ఒడ్డుదాకా తోలుకెళితే సరి అన్నాడు నాన్న. వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన చేతిలో పని ఆపి లేచి వచ్చాడు.

“బాబూ, పర్ర మీదకి బండి దింపమాకండి. ఇయ్యాల పున్నమి పోటు.”

“గట్టిగానే ఉందిగా పెద్దాయనా. ఎడ్లబండి చాళ్ళు కూడా ఉన్నాయి.”

“ఆ చాళ్ళు పోటు లేని రోజులవండీ. పైకి అట్టాగే ఉంటది. లోపలంతా బురదే.”

“అరగంటలో చూపించి తీసుకొచ్చేస్తాను లెండి.”

చక్రాల సంగతీ బరువుల సంగతీ తనకి ఒకరు చెప్పాలా అన్నట్టుంది నాన్న నవ్వు. అమ్మా చెల్లెలూ వంట చూసుకుంటూ పల్లెలోనే ఉండిపోయారు. అమ్మమ్మ పక్కకి దొర్లకుండా పట్టుకోవడానికి నన్ను వ్యానులో ఎక్కించారు. వద్దని అనాలనుకున్నాను, అమ్మ మొహం చూసి అనలేకపోయాను.

ముప్పాతిక దూరం బాగానే సాగింది. ఒక పాయ మొదలు దగ్గర, నీళ్ళు లేని చోటే, వెనక చక్రాలు రెండూ ఒక్కసారి దిగిపోయాయి. పై పెచ్చు పగిలి నల్లటి బురద పైకి తన్నుకొచ్చింది. నాన్న దిగి చెక్కలు వేశాడు, మడ కొమ్మలు విరిచి వేశాడు, ఇంజను గట్టిగా తిప్పాడు. తిప్పిన కొద్దీ వ్యాను కూర్చుంది. చివరికి వెనక మెట్టు బురదలో కలిసిపోయింది. నాన్న చెమట తుడుచుకుంటూ ఒకసారి సముద్రం వైపు, ఒకసారి పల్లె వైపు చూశాడు. అప్పటిదాకా నాన్న మొహంలో భయం అన్నది నేను చూడలేదు. అది ఎలా ఉంటుందో ఆ క్షణంలో చూశాను, ఇక నాకు దేనిమీదా ధైర్యం మిగల్లేదు.

“నేను పోయి మనుషుల్ని తెస్తా. అమ్మమ్మ దగ్గరే ఉండు. కిందకి దిగొద్దు, ఏం?”

గాలికి ఇసక రేగుతోందని తలుపు లాగి, పల్లె వైపు పరుగెత్తాడు. చాలాసేపటిదాకా తెల్ల చొక్కా కనబడింది, తర్వాత అదీ కనబడలేదు.

లోపల ఉక్కపోత. అమ్మమ్మ బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తోంది. నేను వీలైనంత దూరంగా, తలుపు దగ్గర కూర్చున్నాను. నా భయమంతా సముద్రం మీదే. ముందు అద్దంలోంచి దూరంగా కనబడే ఆ తెల్లటి గీత దగ్గరికి వస్తోందా లేదా అని రెప్పవెయ్యకుండా చూస్తున్నాను. అది వచ్చినట్టే లేదు. ఇంతలో పక్కన సన్నగా ఏదో చప్పుడు, వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు. కిటికీలోంచి కిందికి చూశాను. నేలమీది కన్నాల్లోంచి ఎర్రపీతలు బిలబిలమంటూ బయటికొస్తున్నాయి, అన్నీ ఒకే దిక్కుకి పరుగెడుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, మేం వచ్చిన దారి మీద నీళ్ళు మెరుస్తున్నాయి. అలలు లేవు, హోరు లేదు. పాయల్లోంచి పైకి పొంగి, నురగ అంచు వేసుకుని, పల్లెకీ మాకూ మధ్య మెల్లగా పరుచుకుంటున్నాయి. సముద్రం ఎదురుగా వస్తుందని కాపలా కాస్తున్న నాకు, అది వెనకనుంచి వచ్చేసింది.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చక్రాలు మునిగాయి. వెనక తలుపు సందులోంచి నీళ్ళు లోపలికి వచ్చి, నాన్న చెప్పులు రెండూ లేచి తేలుతూ అమ్మమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాయి. నేను నాన్నా అని అరిచాను, అమ్మా అని అరిచాను. ఆ బయల్లో నా గొంతు నాకే వినబడలేదు. బల్ల మీదికి ఎక్కి మోకాళ్ళు కౌగిలించుకుని ఏడుస్తుంటే అమ్మమ్మ తల తిప్పి చూసింది. ఆవిడ ముద్ద మాటలు ఎన్నడూ అర్థంకాని నాకు ఆ రోజు ప్రతి అక్షరమూ అర్థమైంది.

“దిగు. దిగి పో. గట్టు మీదకి పో.”

“నువ్వో?”

“నన్ను దేవుడు చూసుకుంటాడు. నువ్వు పోవే.”

నేను పోయాను. ఇంకోసారి చెప్పించుకోలేదు. నీళ్ళ బరువుకి తలుపు రాకపోతే భుజంతో తోసి, ఆ సందులోంచి జారి, అమ్మమ్మ వైపు చూడకుండా దూకాను. నీళ్ళు నడుముదాకా వచ్చాయి. తలుపు నా వెనక తనంతట తనే పడిపోయింది. ఆ చప్పుడే మొన్న భవానీపురంలో నేను విన్నది.

ఇసకమిట్ట ఒకటి కనబడితే అటు నడిచాను. పది పన్నెండు అడుగులు వేశానేమో, బురదలో కాలు దిగబడింది. ఆ కాలు తీస్తే రెండోది. ముందుకి వెళితే లోతెంతో తెలియదు. వెనక్కి వెళదామంటే, ఆ వ్యానులోకి, ఆ నీళ్ళలోకి, ఆ చెయ్యి పక్కకి వెళ్ళడానికి నాకు కాళ్ళు ఆడలేదు. అలాగే మధ్యలో నిలబడిపోయాను. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. కిటికీలో అమ్మమ్మ తల తెల్లగా కనబడుతోంది. ప్రార్థన చేద్దామంటే ఆదివారం బళ్ళో నేర్పిన మాట ఒక్కటీ నోటికి రాలేదు. అమ్మమ్మ చచ్చిపోతుందన్న భయం కన్నా, నేను వదిలేసి వచ్చానని నాన్నకి తెలుస్తుందన్న భయమే ఎక్కువగా ఉందని ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

మడచెట్ల వైపునుంచి కేక వినబడింది. ఆడవాళ్ళు. పాయల్లో ఆలిచిప్పలు ఏరుకోవడానికి వెళ్ళిన పల్లెకారు ఆడవాళ్ళు ఐదారుగురు, గంపలు నెత్తిన పెట్టుకుని, పోటు రావడంతో తిరిగి వస్తున్నారు. వాళ్ళలో ముందున్న మనిషి, పొడుగ్గా, నల్లగా, చీర మోకాళ్ళ పైకి గోచీపోసి, గంప అక్కడే నీళ్ళలో వదిలేసి నా వైపు వచ్చింది. ఆ నీళ్ళలో ఆవిడ పరుగెడుతున్నట్టే నడిచింది.

“బండిలో ఎవరున్నారు పిల్లా?”

“మా అమ్మమ్మ. నడవలేదు.”

ఆవిడ ఒక్కసారి నన్నూ, వ్యానునీ, మా మధ్య ఉన్న నీళ్ళనీ చూసింది. నన్ను జబ్బపట్టి బురదలోంచి పెరికి వెనక మనిషికి అందించి, తను వ్యాను వైపు వెళ్ళింది. ఇద్దరు ఆడవాళ్ళు తలుపు లాగి పట్టుకున్నారు, ఇద్దరు లోపలికెళ్ళారు. లోపల నీళ్ళు అప్పటికే బల్ల అంచుకి వచ్చి అమ్మమ్మ వీపు తడిసిపోయింది. నాన్న అమర్చిన పలకని ఊడదీసి, దాని మీద అమ్మమ్మని పెట్టి, ఆవిడ కొంగుతోనే కట్టి, పలకని నీళ్ళ మీద తేలుస్తూ, లోతు తగ్గాక భుజాల మీదికెత్తుకుని ఇసకమిట్ట మీదికి చేర్చారు. అంతసేపూ వాళ్ళలో వాళ్ళు వంటల గురించి మాట్లాడుకున్నట్టు మామూలుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

“మామ్మా, బరువున్నావే. ఏం తింటావు బెజవాడలో?” అంది ఆ పొడుగాటి మనిషి.

అమ్మమ్మ వంకర మూతితో నవ్వింది.

నాన్న ఇద్దరు ముసలివాళ్ళతో, మోకులతో నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చేసరికి అంతా అయిపోయింది. నాన్న ఆ ఇసకలో కూర్చుని అమ్మమ్మ కాళ్ళు పట్టుకుని పిల్లవాడిలా ఏడ్చాడు. మిట్ట అవతలే సముద్రం ఉంది. ఆడవాళ్ళు పలకని అటు తిప్పి, అమ్మమ్మ తల ఎత్తి పట్టుకున్నారు. ఆవిడ చాలాసేపు చూసి, ఇదేనా అంది. నేను మాత్రం ఆ వైపు చూడలేదు, ఇసకలో మొహం దాచుకుని బోర్లా పడుకున్నాను.

పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయాక, మధ్యాహ్నం పడవలు తిరిగొచ్చాక, పల్లె మగవాళ్ళంతా మోకులు కట్టి, చక్రాల కింద తాటి దుంగలు పెట్టి, పడవని ఒడ్డుకి లాగినట్టు వ్యానుని లాగారు. సాయంత్రం గుడిసె ముందు చేపల పులుసూ వేడన్నమూ తింటుంటే, అమ్మ భయంభయంగా అడిగింది, ఆ నీళ్ళలో ఇద్దరూ ఎలా ఉన్నారే అని. నేను కంచంలోకి తల వంచాను. అప్పుడు అమ్మమ్మ, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, చెల్లెలికి కూడా అర్థమయ్యేట్టు చెప్పింది.

“పిల్ల నా చెయ్యి వదల్లేదు.”

నాన్న నన్ను దగ్గరికి తీసుకుని నెత్తి నిమిరాడు. ఆ పొడుగాటి మనిషి అక్కడే కూర్చుని మాకు వడ్డిస్తోంది. ఆవిడకి తెలుసు. ఆవిడ నా కళ్ళలోకి చూస్తుందేమో, నోరు తెరుస్తుందేమో అని నేను కంచంలోంచి తల ఎత్తలేదు. ఆవిడ ఇంకో చేపముక్క నా కంచంలో వేసి అవతలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఆ మాట వీధంతా పాకింది. చర్చిలో పాస్టరుగారు నన్ను పైకి పిలిచి అందరికీ చూపించారు. పొగిడినప్పుడల్లా నాకు గుండెలదాకా నీళ్ళు వచ్చినట్టుండేది. జ్వరం వచ్చి, పలవరింతల్లో ఎక్కడ చెప్పేస్తానో అని నిద్ర ఆపుకునేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం, అమ్మ బజారుకి వెళ్ళినప్పుడు, అమ్మమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, పడిపోయిన ఆ చేతిని మొదటిసారి నా చేతుల్లోకి తీసుకున్నాను. అది చల్లగా ఉంటుందనుకున్నాను, వెచ్చగానే ఉంది. ఎందుకలా చెప్పావు, నేను వదిలేసి పోయాను కదా అని ఏడ్చాను.

“పొమ్మంది నేనేగా,” అంది అమ్మమ్మ. కాసేపు ఊపిరి తీసుకుని, “నాకు కనపడేంత దూరంలోనే నిలబడ్డావు. నిన్నే చూస్తా ఉన్నా. లేకపోతే నాకు మాత్రం భయం వెయ్యదా?” అంది.

తర్వాత ఏడాదికే అమ్మమ్మ పోయింది. ఆ తర్వాత దివిసీమకి ఉప్పెన వచ్చింది. ఆ రోజుల సంగతి నా ఈడువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చర్చివాళ్ళు పోగుచేసిన బియ్యం, దుప్పట్లు ఆ వ్యానులోనే వేసుకుని నాన్న వెళ్ళాడు. నాలుగో రోజు తిరిగొచ్చి, పెరట్లో చాలాసేపు స్నానం చేసి, అన్నం తినకుండా పడుకున్నాడు. పల్లెపాలెం వెళ్ళారా అని అమ్మ అడిగితే దారి లేదు, వెళ్ళలేకపోయానన్నాడు. దారి ఉందనీ, వెళ్ళాడనీ, అక్కడ ఊరే లేదనీ పదేళ్ళ తర్వాత గానీ చెప్పలేదు.

మా పెళ్ళైన చాలా ఏళ్ళకి మా ఆయన్ని వెంటబెట్టుకుని అటు వెళ్ళాను. తారు రోడ్డు పడింది. కార్లలో వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. పర్ర అంతా రొయ్యల చెరువులైపోయింది, గట్ల మధ్య నీళ్ళు కదలకుండా ఉన్నాయి, మోటార్లు తిరుగుతున్నాయి. ఎక్కడ నిలబడ్డావో చూపించమని మా ఆయన అడిగితే, అటూ ఇటూ చూసి, ఇక్కడెక్కడో అని చెయ్యి ఊపాను. ఉప్పెనలో మిగిలినవాళ్ళు కొందరు వేరే ఊళ్ళకి పోయారని ఒక టీ కొట్టాయన చెప్పాడు, ఎవరెవరో ఆయనకీ తెలియదు.

ఇప్పుడు దారి ఫోనే చెబుతుంది, పోటెప్పుడో పాటెప్పుడో కూడా చెబుతుందట. మంచిదే. ఆ రోజు నాన్నకి అలాంటిది ఉంటే మేం పర్ర మీదకి దిగేవాళ్ళమే కాదు, ఆ ఆడవాళ్ళెవరో మాకు తెలిసేదీ కాదు. ఆ పొడుగాటి మనిషి పేరు అమ్మ అప్పుడే అడిగి తెలుసుకుంది. ఉప్పెన తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు, రాత్రి ప్రార్థనలో మా అందరి పేర్లతో పాటు ఆ పేరూ చెప్పేది. మేం కళ్ళు మూసుకుని ఆమేన్ అనేవాళ్ళం. ఎన్ని వందల సార్లు విన్నానో ఆ పేరు. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదు, అడగడానికి అమ్మ లేదు.